ఎమర్జెన్సీలో ఫోన్ నంబర్ల కాగితం ఇచ్చి పంపేశారు, తమ్ముణ్ణి ఇప్పుడెక్కడికి తీసుకెళ్లాలి?

ప్రశ్న: మాది గుంటూరు. నేనూ మావారూ మసాచుసెట్స్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నాం. మా తమ్ముడికి 25 ఏళ్లు. మాకు గంట దూరంలో రూమ్మేట్లతో ఉంటూ ఎం.ఎస్. చదువుతున్నాడు. పోయిన ఏడాది క్రికెట్ ఆడుతూ భుజం విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు డాక్టర్ రాసిన పర్కోసెట్ నొప్పి మాత్రలు అయిపోయాక, తెలిసినవాళ్ల దగ్గర నీలం మాత్రలు కొనడం మొదలుపెట్టాడట. మాకెవరికీ తెలియదు. నాలుగు రోజుల క్రితం రాత్రి బాత్రూమ్‌లో పడిపోయి ఉంటే రూమ్మేట్లు 911కి ఫోన్ చేశారు. అంబులెన్స్ వాళ్లు ముక్కులో మందు కొడితే లేచాడు. ఎమర్జెన్సీలో కొన్ని గంటలు ఉంచి, ఫోన్ నంబర్లు ప్రింట్ చేసిన కాగితం చేతిలో పెట్టి పంపేశారు. ఒకచోట కొత్తవాళ్లను తీసుకోవట్లేదన్నారు, ఇంకోచోట ఫోన్ ఎత్తలేదు, మూడోచోట మూడు వారాల తర్వాత రమ్మన్నారు. ‘నేను మానేశానక్కా, ఇంకేం అక్కర్లేదు’ అంటున్నాడు వాడు. రాత్రిళ్లు నిద్ర లేదు, ఒళ్లంతా నొప్పులంటున్నాడు. బ్యూప్రెనార్ఫిన్ అనే మందు ఉందని చదివాను. అదీ నల్లమందు జాతిదే కదా, ఒక అలవాటు తీసి ఇంకోటి పెట్టడమేగా అంటున్నారు మావారు. టికెట్ కొని గుంటూరు పంపి ఏదైనా డీఅడిక్షన్ సెంటర్లో పెడదామంటున్నారు. అమ్మానాన్నలకు ఇంకా చెప్పలేదు. వీసా ఏమవుతుందోనని టెన్షన్ వేరే. ఏం చెయ్యమంటారు? – ఒక అక్క, మసాచుసెట్స్

సమాధానం:

అమ్మా, మూడు వారాలు ఆగకండి. ఆ అపాయింట్‌మెంట్ రద్దు చెయ్యొద్దు, అది అలాగే ఉండనివ్వండి. కానీ ఈ సమాధానం చదివిన రోజే, కుదరకపోతే మర్నాడు పొద్దున్నే, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరండి. బ్రిడ్జ్ క్లినిక్ (శాశ్వత డాక్టర్ దొరికేదాకా ఆదుకునే క్లినిక్) ఏదైనా అందుబాటులో ఉంటే అక్కడికి, లేకపోతే మళ్లీ ఎమర్జెన్సీకే. మొన్న వెళ్లిన ఆస్పత్రి మీద మనసు విరిగితే వేరే ఆస్పత్రికి వెళ్లండి. ‘ప్రాణాపాయం ఏమీ లేదు కదా, ఎమర్జెన్సీకి ఎందుకొచ్చారు’ అంటారేమోనని మొహమాటపడకండి. ఓవర్‌డోస్ అయిన వారంలో ఉన్న మనిషికి ప్రాణాపాయం ఉన్నట్టే లెక్క.

ఇది భయపెట్టడానికి అంటున్న మాట కాదు. మీ రాష్ట్రంలోనే లెక్కలు తీశారు. 2011 నుంచి 2015 మధ్య మసాచుసెట్స్ ఎమర్జెన్సీలలో ఓపియాయిడ్ (నల్లమందు జాతి మందుల) ఓవర్‌డోస్‌కి చికిత్స తీసుకుని ప్రాణాలతో ఇంటికి వెళ్లినవాళ్లు 11,557 మంది. ఏడాది తిరిగేలోగా వాళ్లలో 635 మంది చనిపోయారు. అందులో 130 మంది మొదటి నెలలోనే పోయారు. 29 మందైతే రెండు రోజులు కూడా గడవకుండానే. ఆస్పత్రి గుమ్మం దాటిన దగ్గర్నుంచి మొదటి క్లినిక్‌లో కుర్చీలో కూర్చునే దాకా ఉన్న ఆ కొద్ది రోజులే అన్నిటికంటే ప్రమాదం. మన దురదృష్టం ఏమిటంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే రోగి చేతికి కాగితం ఇచ్చి వదిలేస్తున్నారు. ఒళ్లు నొప్పులతో, సిగ్గుతో, నిద్ర లేకుండా ఉన్న కుర్రాడు పది నంబర్లకు ఫోన్ చేసి, హోల్డ్‌లో పాట వింటూ కూర్చుని, తన కథ ప్రతివాళ్లకీ మొదటినుంచి చెప్పుకుని అపాయింట్‌మెంట్ సంపాదించుకోవాలట! గుండెపోటు వచ్చినవాణ్ణి ఎవరైనా ఇలా పంపిస్తారా? నేనూ ఎమర్జెన్సీలో పనిచేసే డాక్టర్నే కాబట్టి ఈ మాట గట్టిగా అంటున్నాను.

ఇప్పుడు మీ తమ్ముడి ఒంట్లో ఏం జరుగుతోందో చెబుతాను. ముక్కులో కొట్టిన మందు నలాక్సోన్. నార్కాన్ అన్నా అదే. అది మెదడులో ఓపియాయిడ్ కూర్చునే చోటు నుంచి దాన్ని నెట్టేసి ఊపిరి తిరిగి తెప్పిస్తుంది. దాని ప్రభావం అరగంట నుంచి గంటన్నర వరకే. అది వ్యసనానికి మందు కాదు, ఆ పూటకి ప్రాణం నిలబెట్టే మందు, అంతే. ఆ నీలం మాత్రలు పర్కోసెట్ కావడానికి అవకాశం చాలా తక్కువ. 30 అంకె వేసి అచ్చం ఫార్మసీ మాత్రల్లా తయారుచేసి అమ్మేవాటిలో ఉండేది ఎక్కువగా ఫెంటనిల్ అనే ఓపియాయిడ్. అది మార్ఫిన్ కంటే సుమారు వందరెట్లు బలమైనది. ఒక మాత్రలో ఎంత ఉందో, పక్క మాత్రలో ఎంత ఉందో చేసినవాడికే తెలియదు. అందుకే నిన్న తట్టుకున్నవాడు ఇవాళ పడిపోతాడు.

‘మానేశాను’ అన్న మాట అబద్ధమై ఉండాల్సిన పని లేదు. నిజంగానే మానేసి ఉండవచ్చు. నాకు భయం కూడా అక్కడే. వాడుతున్నంత కాలం ఒళ్లు ఆ మోతాదుకు అలవాటు పడి ఉంటుంది. కొద్ది రోజులు మానేసరికి ఆ తట్టుకునే శక్తి పడిపోతుంది. కోరిక మాత్రం తగ్గదు. ఒళ్లు నొప్పులు, నిద్రలేమి, చిరాకు, విరేచనాలు, ముక్కు కారడం – ఇవన్నీ మందు దొరక్క ఒళ్లు చేసే గోల. దీన్నే విత్‌డ్రాయల్ అంటారు. ఒక రాత్రి తట్టుకోలేక పాత మోతాదే వేసుకుంటాడు. పాత మోతాదు ఇప్పటి ఒంటికి ఎక్కువైపోతుంది. రిహాబ్ నుంచో జైలు నుంచో బయటికొచ్చిన మొదటి వారాల్లో చావులు ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. ఈ రోగంలో మనోబలం మీద భారమంతా వేస్తే, మనోబలం లేక కాదు, ఒంటి లెక్క తప్పి మనుషులు పోతున్నారు.

ఇక్కడ బ్యూప్రెనార్ఫిన్ పని మొదలవుతుంది. మీవారు అన్నది సగం నిజం. అదీ ఓపియాయిడ్ జాతి మందే. కానీ అది ఆ చోటును పూర్తిగా కాకుండా కొంతవరకే తడుతుంది. ఒక హద్దు దాటాక ఎంత వేసుకున్నా ప్రభావం పెద్దగా పెరగదు, అందుకే అది ఒక్కటే వాడినప్పుడు ఊపిరి ఆగిపోయే ప్రమాదం చాలా తక్కువ. పైగా ఆ చోటును గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది కాబట్టి, మధ్యలో ఫెంటనిల్ వచ్చినా దానికి పూర్తిగా చోటు దొరకదు. సరిగ్గా వాడుతున్నవాడికి మత్తు ఉండదు, నొప్పులు ఉండవు, పొద్దున లేచి క్లాసుకు వెళ్తాడు. రోజూ మందు అవసరం కావడం వేరు, మందు కోసం అబద్ధాలాడుతూ, అప్పులు చేస్తూ, బాత్రూమ్‌లో పడిపోతూ బతకడం వేరు. రెండోదాన్నే వ్యసనం అంటాం. మీవారికి బీపీ మాత్ర రోజూ వేసుకునే బంధువులెవరైనా ఉంటే వాళ్లను ఎవరూ ‘అలవాటు పడ్డావు’ అనరు కదా.

నమ్మకం కోసం ఇంకొక లెక్క. మసాచుసెట్స్‌లోనే 2012–14 మధ్య ఓవర్‌డోస్ నుంచి బతికిన 17,568 మందిని ఏడాది పాటు గమనించారు. ఇదే పనికి వాడే మెథడోన్ అనే ఇంకో మందు తీసుకున్న కాలంలో ఓపియాయిడ్ల వల్ల వచ్చే చావులు 59 శాతం, బ్యూప్రెనార్ఫిన్ తీసుకున్న కాలంలో 38 శాతం తక్కువగా కనిపించాయి. ఆ ఏడాదిలో ఏదో ఒక మందు అందుకున్నవాళ్లు మాత్రం పదిమందిలో ముగ్గురే. మందు లేక కాదమ్మా, మందు ఉన్న చోటికి మనిషిని చేర్చేవాళ్లు లేక.

ఎలా చేర్చాలో కూడా తెలియనిదేం కాదు. మీ పొరుగు రాష్ట్రం కనెక్టికట్‌లో, యేల్ డాక్టర్లు తమ ఎమర్జెన్సీకి వచ్చిన 329 మందిని మూడు గుంపులుగా చేసి చూశారు. ఆ ఫలితాలు 2015లో వచ్చాయి. కేవలం క్లినిక్‌ల వివరాలు ఇచ్చి పంపిన గుంపులో నెల తర్వాత చికిత్సలో ఉన్నది 37 శాతం. కాసేపు కూర్చోబెట్టి మాట్లాడి, అపాయింట్‌మెంట్ కుదర్చడానికి సాయం చేసిన గుంపులో 45 శాతం. ఎమర్జెన్సీలోనే బ్యూప్రెనార్ఫిన్ మొదలుపెట్టి తర్వాతి డాక్టర్ దగ్గరికి పంపిన గుంపులో 78 శాతం. ఈ మూడో సంఖ్య చెప్పి అందరూ ఆగిపోతారు. నేను ఇంకో ముక్క చెప్పాలి. పది వారాల పాటు ఆ మందు, డాక్టరు అధ్యయనం తరఫునే అందాయి. తర్వాత బయటి క్లినిక్‌లకు అప్పజెప్పారు. ఆరు నెలలకు చూస్తే మూడు గుంపుల మధ్య తేడా మిగల్లేదు. అంటే మొదటి మోతాదు తలుపు తెరుస్తుంది, లోపల కూర్చోబెట్టే పని మాత్రం ఎవరో ఒకరు నెలల తరబడి చేస్తూనే ఉండాలి. మీ ఇంట్లో ఆ ‘ఎవరో ఒకరు’ మొదట్లో మీరే.

సరే, రేపటి పని చూద్దాం.

బోస్టన్ దరిదాపుల్లో ఉంటే మీ అదృష్టం. మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో బ్రిడ్జ్ క్లినిక్, బోస్టన్ మెడికల్ సెంటర్‌లో ఫాస్టర్ పాత్స్ అనే క్లినిక్ ఇలాంటివాళ్ల కోసమే పెట్టారు. ఆస్పత్రి వదిలాక, శాశ్వత డాక్టర్ దొరికే లోపల ఉన్న ఖాళీని పూడ్చడమే వాటి పని. ఏ రోజుల్లో ఏ వేళకు రమ్మంటారో బయల్దేరేముందు ఫోన్ చేసి కనుక్కోండి. దూరమైతే రాష్ట్రం నడిపే హెల్ప్‌లైన్ 1-800-327-5050కి ఫోన్ చేసి, ‘ఓవర్‌డోస్ అయింది, ఈ రోజు బ్యూప్రెనార్ఫిన్ మొదలుపెట్టే చోటు కావాలి’ అని ఆ మాటలతోనే అడగండి. ‘కౌన్సెలింగ్ కావాలి’ అంటే కౌన్సెలింగ్ సెంటర్ల జాబితా చదువుతారు. వేరే రాష్ట్రాల్లో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు దేశమంతటికీ పనిచేసే నంబర్ 1-800-662-4357.

ఎమర్జెన్సీకే వెళ్లాల్సి వస్తే, రిసెప్షన్ దగ్గర ‘నీరసంగా ఉంది, ఒళ్లు నొప్పులు’ అని చెప్పకండి. మనవాళ్లకు అసలు సంగతి చివరికి దాచే అలవాటు ఉంది. ఓవర్‌డోస్ అయిందని, విత్‌డ్రాయల్‌లో ఉన్నాడని, బ్యూప్రెనార్ఫిన్ కోసం వచ్చామని మొదటి వాక్యంలోనే చెప్పేయండి. 2018లో మసాచుసెట్స్ చట్టం చేసింది, ఎమర్జెన్సీ ఉన్న ఆస్పత్రులు ఇలాంటి మందు మొదలుపెట్టే ఏర్పాటు ఉంచుకోవాలని. ఒకప్పుడు బ్యూప్రెనార్ఫిన్ రాయాలంటే డాక్టర్లకు ప్రత్యేక అనుమతి ఉండాలి. ఎక్స్ వేవర్ అనేవారు. 2022 డిసెంబర్ చివర్లో దాన్ని ఎత్తేశారు. మామూలుగా కంట్రోల్డ్ మందులు రాసే లైసెన్స్ ఉన్న డాక్టర్ ఎవరైనా ఇప్పుడు రాయవచ్చు. ‘మేం ఇక్కడ అది ఇవ్వం’ అని ఎవరైనా అంటే అది చట్టం కాదు, పాత అలవాటు. కోపం తెచ్చుకోకుండా అడిక్షన్ టీమ్‌ని గానీ, సోషల్ వర్కర్‌ని గానీ, రికవరీ కోచ్‌ని గానీ పిలవమనండి.

ఈ రికవరీ కోచ్ గురించి రెండు మాటలు. చాలా ఆస్పత్రుల్లో ఇలాంటి మనుషులు ఉంటారు. ఒకప్పుడు తామూ ఇదే రొంపిలో ఉండి బయటపడి, శిక్షణ తీసుకుని మంచం పక్కకొచ్చి కూర్చునేవాళ్లు. రోడ్ ఐలండ్‌లో 2014 నుంచి ఓవర్‌డోస్ అయినవాళ్ల దగ్గరికి ఇలా పిలిపిస్తున్నారు. న్యూయార్క్ నగరంలో రిలే అనే పేరుతో ఆరోగ్యశాఖే నడుపుతోంది. కాలిఫోర్నియాలో నావిగేటర్లంటారు. డాక్టర్ చెబితే వినని కుర్రాడు, ‘నేనూ ఇదే మంచం మీద పడుకున్నా’ అనే మనిషి మాట వింటాడు. అతని ఫోన్ నంబర్ తీసుకోకుండా ఇంటికి రాకండి. మీ తమ్ముడి నంబర్ కూడా అతనికి ఇప్పించండి. అతనే మర్నాడు ఫోన్ చేస్తాడు, అదే అసలు తేడా.

డాక్టర్ ముందుగా అడిగేది ఆఖరిసారి ఎప్పుడు వాడాడని. ఇక్కడ మాత్రం మీ తమ్ముడు నిజం చెప్పాలి, మీరు పక్కనుంటే చెప్పలేకపోతే కాసేపు బయటికి వెళ్లండి. ఒంట్లో ఫెంటనిల్ ఇంకా ఉండగా బ్యూప్రెనార్ఫిన్ వేస్తే, అది ఉన్న ఫెంటనిల్‌ని ఒక్కసారిగా తోసేసి విత్‌డ్రాయల్‌ని పదింతలు చేస్తుంది. ‘ఆ మందు నాకు పడలేదు’ అని చాలామంది అనేది ఈ అనుభవం వల్లే. అందుకే చెమటలు, కనుపాపలు, నాడి, వణుకు చూసి మార్కులు వేసి, విత్‌డ్రాయల్ తగినంత వచ్చాకే మొదటి మోతాదు ఇస్తారు. మీరు రాసిన లక్షణాలు చూస్తే మీ తమ్ముడికి ఆ దశ వచ్చినట్టే ఉంది. ఇవాళే వెళ్లమనడానికి అదీ ఒక కారణం. రూమ్మేట్ల స్నేహితుల దగ్గరున్న సబాక్సోన్ (బ్యూప్రెనార్ఫిన్ ఉండే మందే) తెచ్చి ఇంట్లో వేయడం లాంటి ప్రయోగాలు వద్దు.

ఆస్పత్రి వదిలేముందు మీ చేతిలో మూడు ఉండాలి. తర్వాతి డాక్టర్ దగ్గర తేదీ, వేళ రాసిన అపాయింట్‌మెంట్, ఆ రోజు దాకా సరిపోయే మందు, ఒక నార్కాన్ డబ్బా. అపాయింట్‌మెంట్ వారం తర్వాతైతే వారానికి సరిపడా ప్రిస్క్రిప్షన్ అడగండి. మూడు రోజులకు ఇచ్చి వారం తర్వాత రమ్మంటే మధ్య నాలుగు రోజులు ఎవరు చూస్తారు? ప్రిస్క్రిప్షన్ పంపేముందు ఫార్మసీకి మీరే ఫోన్ చేసి ఆ మందు ఉందో లేదో అడగండి. కొన్ని ఫార్మసీలు దాన్ని ఉంచవు, శుక్రవారం సాయంత్రం ఆ సంగతి తెలిస్తే సోమవారం దాకా గోవిందా. ఇన్సూరెన్స్ విషయంలో భయం వద్దు. మసాచుసెట్స్‌లో కాలేజీ విద్యార్థులకు హెల్త్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, మీ తమ్ముడికీ ఉండే ఉంటుంది. జెనరిక్ మందు ఖరీదు కూడా మరీ ఎక్కువ కాదు. క్లినిక్‌కి స్వయంగా వెళ్లడం కష్టమైతే, కోవిడ్ కాలం నుంచి వీడియో ద్వారా ఈ మందు రాసే డాక్టర్లూ ఉన్నారు.

మందు మింగేది కాదు. నాలుక కింద పెట్టుకుని పూర్తిగా కరిగే దాకా మాట్లాడకుండా, ఏమీ తినకుండా ఉండాలి. మింగేస్తే సగం పైగా వృథా, ‘పనిచెయ్యట్లేదు’ అంటాడు. కరిగాక నీళ్లతో పుక్కిలించి మింగాలి, గంట ఆగి బ్రష్ చేసుకోవాలి, లేకపోతే పళ్లు పాడవుతాయి. మలబద్ధకం వస్తుంది, దానికి మందు అడగండి. మద్యం, నిద్రమాత్రలు, టెన్షన్‌కి వేసుకునే ఆల్ప్రాజొలాం లాంటివి దీనితో కలిస్తే ప్రమాదం. నిద్ర పట్టట్లేదని ఇండియా నుంచి తెప్పించుకున్న మాత్రలు మనవాళ్ల ఇళ్లలో ఎక్కడో ఒక డ్రాయర్లో ఉంటాయి, ముందు అవి తీసేయండి. రోజూ నాలుక కింద పెట్టుకోవడం కుదరదంటే వారానికోసారి, నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. రూమ్మేట్లతో ఉండే కుర్రాడికి అవి బాగా నప్పుతాయని నా అభిప్రాయం.

ఎన్నాళ్లు వాడాలంటే, కనీసం ఏడాది అని మనసులో పెట్టుకోండి, ఇంకా ఎక్కువైనా నష్టం లేదు. మూడు నెలలకు మొహం తేటపడి, మార్కులు బాగా రాగానే ‘ఇంకెందుకురా’ అని మానిపించే పెద్దలు మన ఇళ్లలో తప్పకుండా ఉంటారు. ఏరు దాటకముందే తెప్ప తగలేయడం అది. మానేయాలనుకున్నప్పుడు డాక్టర్‌తో కలిసి నెలల మీద నెమ్మదిగా తగ్గించాలి.

నార్కాన్ స్ప్రే 2023 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండానే షాపుల్లో దొరుకుతోంది. మీ ఇంట్లో ఒకటి, తమ్ముడి రూమ్‌లో ఒకటి, అందరికీ కనిపించే చోట పెట్టించండి. లేపినా లేవకుండా, ఊపిరి అందక గురక పెడుతూ, పెదాలు నీలంగా మారితే ఒక ముక్కు రంధ్రంలో ఒక స్ప్రే కొట్టి 911కి ఫోన్ చేయాలి. రెండు మూడు నిమిషాల్లో లేవకపోతే రెండోది. లేచాక కూడా ఒంటరిగా వదలకూడదు, నార్కాన్ దిగిపోయాక మళ్లీ ఊపిరి మందగించవచ్చు. ఆ రాత్రి ఫోన్ చేసిన రూమ్మేట్లకు నా తరఫున కూడా థాంక్స్ చెప్పండి. పోలీసుల భయంతో ఫోన్ చెయ్యకుండా ఉండేవాళ్లు చాలామంది. మసాచుసెట్స్‌లో ఓవర్‌డోస్ అయినవాడి కోసం ఫోన్ చేసినవాళ్లకు, పడిపోయినవాడికి, దగ్గర మత్తుమందు ఉందన్న కేసు నుంచి చట్టం రక్షణ ఇస్తుంది.

ఇక గుంటూరు. మీవారి ఆలోచనలో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఇప్పుడు పంపడం తప్పు. టికెట్, ప్యాకింగ్, ఇరవై గంటల ప్రయాణం, దిగాక వెతుకులాట – ఇదంతా ఇందాక చెప్పిన ప్రమాదపు రోజుల్లోనే జరుగుతుంది. దిగిన చోట ఏముంటుందన్నది రెండో సంగతి. ఇండియాలో బ్యూప్రెనార్ఫిన్ లేకపోలేదు. మత్తుకు బదులుగా మందు ఇచ్చే ప్రభుత్వ ఓఎస్‌టీ కేంద్రాల్లో ఇస్తారు, సైకియాట్రిస్టులూ వాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ మానసిక వైద్యశాలలో ప్రభుత్వ సైకియాట్రీ వైద్యం ఉంది. కానీ మీరు పేపర్ ప్రకటన చూసి పంపేది అలాంటి చోటికి కాకపోవచ్చు. మూడు నెలలు గదిలో పెట్టి, మందు లేకుండా యోగా, ఉపన్యాసాలతో ‘శుభ్రం’ చేసి పంపే సెంటర్లు కొన్ని ఉన్నాయి. శుభ్రమైన ఆ ఒంటితో మళ్లీ మసాచుసెట్స్‌లో దిగితే, ఆ మొదటి నీలం మాత్రే ఆఖరిది కావచ్చు. చట్టం పెట్టిన షరతులు పాటించకుండా, ఇష్టం లేని మనిషిని తాళం వేసి ఉంచడానికి 2017 మానసిక ఆరోగ్య చట్టం ఒప్పుకోదు కూడా. వాడు మందు మీద కుదురుకున్నాక, సెలవుల్లో అమ్మ దగ్గరికి వెళ్లాలనుకుంటే, మోతాదు రాసిన డాక్టర్ ఉత్తరం, ఫార్మసీ లేబుల్ ఉన్న సీసా, అక్కడ చూసే డాక్టర్ ముందే కుదిరి ఉండటం – ఇవి ఉంటే వెళ్లవచ్చు. ఇది చదివే తల్లిదండ్రులు ఎవరైనా ఇక్కడే, తెలుగు రాష్ట్రాల్లోనే ఇలాంటి చిక్కులో ఉంటే 14446 మత్తు విముక్తి హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్ ఉన్నాయి.

వీసా గురించి. మందు తీసుకున్నాడని ఆస్పత్రి ఇమ్మిగ్రేషన్‌కి ఉత్తరాలు రాయదు. మామూలు వైద్య రహస్యాల చట్టానికి తోడు, మత్తు చికిత్స కేంద్రాల రికార్డులకు అమెరికాలో విడిగా ఇంకో గట్టి చట్టం ఉంది. ఆ కారణంగానే వాడికి 18 దాటాయి కాబట్టి మీకూ ఏమీ చెప్పరు, అక్కనన్నా సరే. మొదటి రోజే వాడి చేత అనుమతి కాగితం మీద సంతకం పెట్టించుకోండి. సంతకం పెట్టకపోయినా మీకు తెలిసింది మీరు డాక్టర్‌కి చెప్పవచ్చు, వినడానికి వాళ్లకు అడ్డు లేదు. అయితే మత్తు వ్యసనం అనేది ఇమ్మిగ్రేషన్ చట్టంలో చిక్కు తెచ్చే మాటే. దేశం దాటి వెళ్లి మళ్లీ వీసా స్టాంపింగ్ కోసం కాన్సులేట్‌కి వెళ్లే ముందు, ఏదైనా ఫారంలో డ్రగ్స్ ప్రశ్నకు జవాబు రాసే ముందు, తప్పకుండా ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలవండి. టికెట్ తొందరపడి కొనొద్దనడానికి ఇది ఇంకో కారణం. సెమిస్టర్ నడవడం కష్టమైతే క్లాసులకు ఊరికే వెళ్లడం మానెయ్యకూడదు, స్టేటస్ పోతుంది. డాక్టర్ ఉత్తరంతో, ముందే కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌ఓ అనుమతి తీసుకుంటే, ఆరోగ్య కారణంగా క్లాసులు తగ్గించుకోవచ్చు, అవసరమైతే పూర్తిగా ఆపుకోవచ్చు. ఒక డిగ్రీ స్థాయికి మొత్తం 12 నెలల దాకా వీలుంటుంది. ఉత్తరంలో రోగం పేరు ఎంతవరకు రాయాలో డాక్టర్‌తో మాట్లాడుకోండి, ‘వైద్య కారణాలు’ అంటే సాధారణంగా సరిపోతుంది.

అమ్మానాన్నలకు వాడే చెప్పాలి, మందు మొదలై ఒక నెల గడిచాక, మీరు పక్కన ఉండగా. అప్పటికి చెప్పడానికి ‘పడిపోయాడు’ ఒక్కటే కాకుండా ‘కోలుకుంటున్నాడు’ కూడా ఉంటుంది. ఈలోగా పెదనాన్నలకీ బాబాయిలకీ చెప్పకండి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో చేరిన సంగతిని ఏ చట్టమూ రహస్యంగా ఉంచలేదు.

వాడితో ఏం మాట్లాడాలో చాలామందికి తెలియక, తెలియనప్పుడు తిడతారు. ‘ఎందుకు చేశావురా, నాన్న నీకోసం ఎంత కష్టపడ్డారో తెలుసా’ అన్నది వాడు రాత్రంతా తనకు తాను చెప్పుకుంటూనే ఉన్నాడు, మీరు మళ్లీ చెప్పక్కర్లేదు. ‘ఒరేయ్, నిన్నేం అడగను. ఆ నొప్పులు తగ్గే మందు ఉంది. రేపు పొద్దున నేను సెలవు పెట్టాను, ఇద్దరం వెళ్దాం’ అనండి. జీవితాంతం మానేస్తావా అని ఒట్టు వేయించుకోవద్దు. రేపు పొద్దున వస్తావా అన్నంతవరకే అడగండి. అంతవరకైతే ఒప్పుకుంటారు, నేను చూసినవాళ్లలో చాలామంది.

ఒప్పుకోకపోతే లాక్కెళ్లకండి. నార్కాన్ అక్కడే పెట్టి, రూమ్మేట్లకు వాడటం నేర్పి రండి. మళ్లీ వాడేట్టయితే ఒంటరిగా, తలుపు గడియ వేసుకుని వాడొద్దని వాడికి మొహం మీదే చెప్పండి. ఆ మాట చెబితే ప్రోత్సహించినట్టు అవుతుందేమో అనిపిస్తుంది మీకు, అవదు. మర్నాడు భోజనానికి పిలవండి, ఎల్లుండి మళ్లీ అడగండి. ఈలోగా హెల్ప్‌లైన్‌కి మీరే ఫోన్ చేసి, వాడు ‘సరే’ అన్న గంటలో ఎక్కడికి తీసుకెళ్లాలో, ఆ చోటు ఏ వేళల్లో తెరిచి ఉంటుందో కనుక్కుని ఫోన్‌లో సేవ్ చేసుకోండి.